బి షెడ్యూల్‌లో నిత్యజీవం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలం నన్ను తల్లాడ దగ్గరి ఒక చిన్న ఆఫీసుకు సబ్‌రిజిస్ట్రార్‌గా వేశారు. ఊరి పేరు ఇప్పుడెందుకు! నాతో కలిపి నలుగురం, తిరిగే ఫ్యాన్లు రెండు. అందులో ఒకటి నా కుర్చీ మీద ఉండేది కాబట్టి నేను అధికారిని.

వీలునామా గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెడితే చాలు. రాసినవాడు స్పృహలో ఉన్నాడా, ఇష్టపడి రాశాడా అన్నదే రిజిస్ట్రారు చూడాలి. ఆస్తి నిజంగా అతనిదేనా అని ఆరా తీయడం మన పని కాదు. ఆ చివరి మాట ముప్ఫై ఏళ్లు సుఖంగా పాటించాను. దేవదానం వచ్చేదాకా నాకేమీ ఇబ్బంది కాలేదు.

దేవదానం ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయిన ముసలాయన. ఆయన వీలునామాలో రెండు షెడ్యూళ్లు, అంటే ఆస్తి వివరాల పట్టికలు, ఉన్నాయి. ఏ షెడ్యూల్: రెండు గదుల పెంకుటిల్లు, కొడుకు సమూయేలుకు. బి షెడ్యూల్: దేవుడు అబ్రాహాముకూ అతని సంతానానికీ చేసిన వాగ్దానం వల్ల తనకు సంక్రమించిన నిత్యజీవం, కొడుకు సమూయేలుకూ కూతురు మార్తమ్మకూ సమాన వాటాలు.

బయట చెట్టు కింద కూర్చునే మా డాక్యుమెంట్ రైటర్ హద్దుల్లేని షెడ్యూల్ జన్మలో రాయలేదు. బి షెడ్యూల్‌కూ హద్దులు అడిగాడట. ముసలాయన బైబిల్లో పరలోక పట్టణానికి ఉన్నవే తడుముకోకుండా చెప్పాడట. తూర్పున మూడు గుమ్మాలు, పడమర మూడు, ఉత్తరాన మూడు, దక్షిణాన మూడు. రైటర్ అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, చివర “పై హద్దుల మధ్య గల యావత్తు” అని అలవాటుగా ముగించాడు.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఇది నీ పేరు మీద ఉందా తాతా అని అడిగాను.

“నా ఒక్కని పేరు మీద లేదు మేడం. అబ్రాహాముకు, ఆయన పిల్లలకు అని ఉంది. నమ్మినోళ్లందరు ఆయన పిల్లలే. గట్ల నాకొచ్చింది.”

వీలునామా రాసినవాడు పోతేనే అమల్లోకి వస్తుంది, మరి మొదట ఇచ్చిన దేవుడి సంగతేమిటని, ఇరుకున పెడదామనే అడిగాను.

“పోయిండు మేడం. మూడో దినం లేచిండు. రాసిందీ ఆయననే, దగ్గరుండి ఇప్పిచ్చేదీ ఆయననే.”

ఇటువంటి వీలునామా మా మాన్యువల్‌లో లేదు.

ఇంతలో సమూయేలు ముందుకొచ్చాడు. తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు. వాళ్ల చర్చి సంఘంలో పెద్ద. చెల్లెలి పేరు కొట్టేయమన్నాడు. మార్తమ్మ దమ్మపేట దగ్గర కోయపల్లెలో సంసారం చేసుకుంటోంది. భర్త వాళ్ల వేల్పులను కొలిచే మనిషి. పెళ్లయినప్పటినుంచి అన్న ఆమెను ప్రభువు బల్ల దగ్గరికి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి, రానివ్వలేదు. ఇంటి మీద ఆమె పేరు లేదు, ఆమె అడగనూ లేదు. నా సర్వీసులో అన్నాచెల్లెళ్లు ఇల్లు వదిలేసి పరలోకం కోసం తగవు పడడం అదొక్కసారే చూశాను.

వీలునామాకు వచ్చిన మనిషిని ఒంటరిగా ఒకమాట అడగడం నా పద్ధతి. అందర్నీ వరండాలోకి పంపేసి ముసలాయన్ను అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

“బిడ్డ గుడికాడికి వొచ్చుడే మానేసింది మేడం. నాకు అండ్ల భాగం లేదంటగా నాయిన, అని ఏడ్సింది. నా మాట కొడుకు ఇనడు. సర్కారు ముద్ర పడ్డ కాయితం ఇంటడు.”

కాగితం ఇంకోసారి మొదటినుంచీ చదివాను. అప్పుడు కనిపించింది, మొదటి సాక్షి సమూయేలు. సంఘపెద్ద సంతకం లేనిదే ఇటువంటి కాగితానికి విలువేముందని తనే ముందుపడి పెట్టాడట; చెల్లెలి పేరు నా దగ్గర కొట్టించుకోవచ్చనుకున్నాడు కాబోలు. రెండో సాక్షి పక్క హోటలాయన.

హిందువుల వీలునామాలో ఇది పెద్ద విషయం కాదు. మా రైటర్ రాసేవన్నీ దాదాపు అవే. క్రైస్తవులకు అలా కాదు. వీలునామాకు సాక్షి సంతకం పెట్టిన మనిషికి గానీ, ఆ మనిషి భార్యకో భర్తకో గానీ అందులో రాసినదేదీ దక్కదు. కాగితం చెల్లుతుంది, ఆ వాటా మాత్రం పోతుంది.

సమూయేలును పిలిచి నియమం చదివి వినిపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇల్లు గూడా పోతదా మేడం?” అన్నాడు. నిత్యజీవం మాట తర్వాత అడిగాడు. తండ్రి ఆ వరుస గమనించాడు, నేనూ గమనించాను.

మళ్లీ రాయించుకుని, వేరే సాక్షిని తెచ్చుకోవచ్చని చెప్పాను. ముసలాయన చేతులు కట్టుకున్నాడు. మార్తమ్మ పేరు ఎట్లున్నది అట్లనే ఉంటే మళ్లీ సంతకం పెడతా, లేకుంటే ఇదే కానీయండి అన్నాడు. సమూయేలు తలూపాడు.

ఇక సాక్షి కోసం ఎండలో సమూయేలు తిరిగిన తిరుగుడు మా అటెండరు ఇప్పటికీ చెప్పుకుంటాడట. జిరాక్స్ షాపతను బి షెడ్యూల్ చదివి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రేపు సాక్ష్యానికి కోర్టుకు పిలిస్తే ఎటు పోవాలన్నా అని అడిగాడు. చివరికి ముసలాయన్ను ఎరిగినవాళ్లలో మిగిలింది మార్తమ్మ అత్త ఒక్కతే. దవాఖానాకని కోడలితో వచ్చి వరండాలో కూర్చుని ఉంది. మూడు పెన్నుల సంఘపెద్ద వెళ్లి ఆమె ముందు వంగి నిలబడ్డాడు.

“ఏలుముద్ర ఏస్తే నాకేమొస్తది అయ్యా?” అంది ఆమె.

ఏమీ రాదమ్మా, ఏమీ రాని మనిషే కావాలి అని నేనే చెప్పాను. ఆమె మార్తమ్మ వైపు చూసి, “నా కోడలికి వొస్తదా?” అని అడిగింది.

సమూయేలు నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. జవాబు ఆయనే చెప్పాలి.

“వొస్తది” అన్నాడు.

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైటర్ తిరగరాసిన కాగితం మీద ముసలాయన, హోటలాయన మళ్లీ సంతకాలు పెట్టారు, అత్త వేలిముద్ర వేసింది. ముసలాయనకు ఉత్సాహం వచ్చి, ఆమెకూ కొంత రాయమన్నాడు. సాక్షికి రాసినా దక్కదని చెప్పాను. సరే, ఆమెకు నేను నోటితోనే చెప్పుకుంటా అన్నాడు. మూడో పుస్తకంలో, అంటే వీలునామాలు ఎక్కించే రిజిస్టరులో, నంబరు వేసి ముద్ర కొట్టాను.

ఆ తర్వాత క్రైస్తవుల వీలునామా ఏది వచ్చినా ముందు సాక్షుల పేర్లు చూసేదాన్ని. ఎంతమందికి పంచినా పిసరంత తరగని ఆస్తిలో కూడా మనిషి పక్కవాళ్ల పేరు కొట్టించాలనే చూస్తాడని ఆ రోజు తెలిసింది. తన పేరు పోతుందంటే మాత్రం, కొట్టించబోయిన పేరును తనే దగ్గరుండి రాయిస్తాడు.