మల్లొక్కసారి

ఆ ఇటలీ డైరెక్టరమ్మకు వచ్చిన తెలుగు ఒకటే మాట: "మల్లొక్కసారి." నేర్పింది నేనే. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వయసులో హీరోయిన్ వేషాలు వేసి, తర్వాత డైరెక్టరైన మనిషి. భివండి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, సినిమా తీస్తానని మా తెలుగు నేతగాళ్ల వాడ కామత్‌ఘర్ వచ్చి, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని వెంటేసుకుంది. అప్పటికి మా చిన్నాయన పోయి రెండు నెలలు కాలేదు. ఆయన నడిపిన సాంచా పక్కనే చిన్నమ్మ నూలు కండెలు చుడుతుంటే, ఎదురుగా కెమెరా పెట్టి ఏడవమంది. చిన్నమ్మకు ఏడుపు రాలేదు.

"మల్లొక్కసారి."

ఆరోసారికి చిన్నమ్మను లేపి, ఆ పీట మీద తానే కూర్చుని బొటబొటా కన్నీళ్లు కార్చింది. వెంటనే తుడుచుకుని నా చెవిలో అరిచింది: "నన్నూ ఇలాగే ఏడిపించేవాళ్లు. ఇలా చెయ్యమను."

సాంచాల చప్పుడులో మాట వినబడదు. పెదవులు చూసి మాట్లాడుకోవడం మా అందరికీ అలవాటు. చిన్నమ్మ పీట మీద కూర్చుని, కెమెరాలోకి సూటిగా చూస్తూ పెదవులు కదిపింది.

"ప్రార్థనా?" అని మురిసిపోయింది డైరెక్టరమ్మ. ఇంకోసారి తీయకుండా పోతుందని అవునన్నాను.

సినిమా ఫోన్‌లోకి వచ్చాక మా వాడంతా మా ఇంట్లో కూర్చుని చూసింది. చిన్నమ్మ ముఖం, వెనకాల వేణువు సంగీతం, కింద 'భర్త కోసం ప్రార్థన' అని అక్షరాలు. ఆ పెదవులు మాత్రం అందరం చదివాం.

"ఏడుపులమ్ముకునేదానా, నా మొగడు సస్తె నీకు ఆటైందా? గా ఏడుపు నీదే, నువ్వే మూటగట్టుకపో."

ఎవరూ నవ్వలేదు. పక్కింటి ముసలమ్మ కళ్లు తుడుచుకుని నా భుజం తట్టింది.

"మల్లొక్కసారి పెట్టు బిడ్డా."