దిష్టి తీశాక పల్లీపట్టి

ఇబ్రహీంపట్నం బస్టాండులో వేయించిన పల్లీల వాసన తగిలితే, నాకు మా చెల్లెలి ఉబ్బిన చిన్న పెదవులు గుర్తుకొస్తాయి.

రెండేళ్ల వయసులో దానికి అప్పుడప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. నాయనమ్మ మిరపకాయలతో దిష్టి తీసి, ఏడుపు మాన్పించడానికి పల్లీపట్టి పెట్టేది. దద్దుర్లు ఇంకా పెరిగేవి.

"గా యాదమ్మ కన్ను మంచిది గాదు," అని పక్కింటామెను తప్పుపట్టేది. చూపు చర్మాన్ని ఎలా తాకుతుందోనని నేను యాదమ్మ కళ్లను పరీక్షగా చూసేదాన్ని.

ఒకసారి ఆమె ఊళ్లో లేనప్పుడూ దద్దుర్లు వచ్చాయి.

"యాదమ్మ యాచారం పాయె గదా నాయనమ్మా, మరి గిదెట్ల?"

"పొద్దుగాల ఏం తిన్నది పోరి?"

"నువ్విచ్చిన పల్లీపట్టే."

నాయనమ్మ చెల్లెలిని ఎత్తుకొని దవాఖానకు నడిచింది. డాక్టరు పల్లీలు మాన్పించారు.

యాదమ్మ తిరిగొచ్చిన రోజు నాయనమ్మ పల్లీపట్టీల డబ్బా మొత్తం ఆమెకు ఇచ్చి వచ్చింది. ఇంట్లో ఉంచకూడదనే ఇచ్చిందనుకున్నాను. అది క్షమాపణ కూడానని చాలా ఏళ్ల తర్వాత గాని నాకు అర్థం కాలేదు.