సున్నం మచ్చలు నమ్మి ఎక్కిన కొండ

మనుషులు తిరగని కొండట! గ్రానైట్ క్వారీ లీజు పెంచుకోవడానికి ఊళ్ళో పెట్టిన సభలో క్వారీ తరఫు మనిషి ఆ మాట అన్నాడని నా కాలేజీ మిత్రుడు మస్తాన్‌వలి ఫోన్లో చెప్పగానే ఒళ్ళు మండింది. ఆ పీరుకొండ కొన మీద పీరు సమాధి ఉంది. ఏటా మిరప తొలికోత కాగానే జరిగే ఉరుసుకు హిందువులూ ముస్లింలూ గుప్పెడు కాయలు పట్టుకెళ్ళి అక్కడ పెట్టి వస్తారు. వాళ్ళు మనుషులు కారా? ఎక్కి, ఫోటోలు తీసి, రాసి తీరాలనే బయల్దేరాను.

గుంటూరులో తెల్లవారుజామున బస్సెక్కితే తొమ్మిదిలోపే వినుకొండ. అక్కడి నుంచి ప్రకాశం సరిహద్దు వైపు ఆటోలో గంట దారి, రానూపోనూ ఆరు వందలు. రోడ్డుకు రెండు వైపులా పత్తి, మిరప. కొండ దగ్గరయ్యేకొద్దీ ఆకులన్నీ బూడిదరంగే. ఇదేం తెగులని ఆటో అతన్ని అడిగితే, క్వారీ దుమ్మండీ, దీనికి మందు కొట్లో దొరకదు అన్నాడు.

మస్తాన్ కొండ కింద సున్నం బకెట్టుతో, తువ్వాలులో మూటగట్టిన మిరపకాయలతో నిలబడి ఉన్నాడు. ఈ కొండకు మెట్లు లేవు. గట్టిగా నిలిచే రాళ్ళకు ఉరుసు ముందు సున్నం మచ్చ పెట్టడం తాతల నాటి నుంచీ వాళ్ళింటి వంతు. ఆ మచ్చల మీద కాలేసుకుంటూ ముసలివాళ్ళు కూడా ఎక్కేసేవారు. రాయి కదిపి చూసుకునే అలవాటే ఎవరికీ లేదు. మచ్చ ఉందంటే మస్తాన్ వాళ్ళు పూచీ పడ్డట్టే.

సగం దాకా క్వారీని తిట్టుకుంటూ ఎక్కాను. "ఒరేయ్, ఉపన్యాసం దిగాక ఇద్దువుగాని, కాలు చూసుకో," అన్నాడు వాడు. నిరుటి మచ్చ చూసుకునే కాలు పెట్టాను. రాయి పక్కకు తిరిగింది. వాడు చొక్కా పట్టి లాగకపోతే నేనూ దాంతోపాటే దొర్లేవాణ్ణి. మోకాలు చీరుకుపోయింది. పైరాళ్ళను వాడు కర్రతో పొడిచి చూశాడు. తెల్లమచ్చవి కూడా కదిలాయి. క్వారీ పేలుళ్ళకు కొండ కీళ్ళన్నీ వదులైపోయాయి.

అక్కడే కూర్చుని వాదించుకున్నాం. మచ్చలు పెట్టకపోతే ఉరుసుకు ఎవరూ ఎక్కరు. ఎవరూ ఎక్కకపోతే క్వారీవాళ్ళ అబద్ధమే నిజమైపోతుంది. అందుకే పెట్టి తీరాలని, హక్కు వదులుకోకూడదని గట్టిగానే అన్నాను.

"హక్కు నాదేరా. కాలు మాత్రం మా అక్కది," అన్నాడు మస్తాన్. "నా సున్నం చూసే ఎక్కుద్ది. రాయిని చూడదు."

వాడు బకెట్లోని సున్నమంతా వాడి, కదలని బండ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఇవతల మిరపకాయలు పెట్టాడు. చేయి అందిన పాత మచ్చలను రాయితో గీకి చెరిపాడు. పైన సమాధి పచ్చజెండా కనబడుతూనే ఉంది.

అబద్ధాన్ని బయటపెడదామని వెళ్ళినవాణ్ణి, సగం కొండకు అది నిజమవుతుంటే పక్కన కూర్చుని చూశాను. దారి మూయడానికి గేటూ తాళమూ అక్కర్లేదు. దారి కాచినవాడి చేతే చెరిపిస్తారు. ఆ కొండ రాయి ఏ నగరంలోనో నున్నటి వంటగట్టయి మెరుస్తుంది, దానికి అభివృద్ధి అని పేరు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తప్పకుండా వెళ్ళండి, మనుషులు తిరుగుతున్నారని తెలియాలి. కానీ గీత దగ్గర ఆగండి. దాని పైన, చేయి అందని చోట, పాత మచ్చలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. వాటిని నమ్మకండి.