కాలు కింద పెట్టకుండా

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అమ్మ అంటుంది గానీ, ఇరవయ్యేళ్ళప్పుడు నాకున్న మొండితనం గురించి చెప్పాలంటే ఆ మాటే సరైనది, ఎందుకంటే ఆ మనిషి ఇప్పుడు నాలో ఎంత వెతికినా దొరకదు. గట్టు మండలంలోని మా ఊరి నుంచి రోజూ బస్సులో గద్వాలకు పోయి డిగ్రీ చదువుకునేదాన్ని. ఒకనాడు ఆ బస్సులోనే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఏదో చల్లని దేశంలో ఒక అమ్మాయి మోటార్ సైకిల్ మీద నిలబడి, ఇంటి ఎత్తు బండరాయిని మేక ఎక్కినట్టు ఎక్కుతోంది. (ఇంటి ఎత్తు అన్నచోట నడుమెత్తు అని చదువుకోండి. ఆ వయసులో నాకు అన్నీ ఇంటి ఎత్తే.) ఆ ఆటను ట్రయల్స్ అంటారట. అందులో వేగంతో పనిలేదు. ఎంత నెమ్మదిగానైనా సరే, కాలు కింద ఆనించకుండా రాళ్ళు దాటాలి. ఆనించిన ప్రతిసారీ ఒక తప్పు లెక్కేస్తారు. మా చేనులో వేరుశనగ కంటే రాళ్ళే బాగా పండుతాయి. ఈ ఆట మాకోసమే పుట్టిందని ఆ క్షణాన తీర్మానించుకున్నాను.

ఆ ఆటకు వేరే బండ్లుంటాయి. బరువు తక్కువ, ట్యాంకు చిన్నది, టైర్లలో గాలి తక్కువ. నడిపేవాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉంటారు కాబట్టి సీటే ఉండదు. అలాంటిది మాకెక్కడ దొరుకుతుంది? నాయన పాల క్యాన్లు మోసిన పాత బండి ఒకటి కొట్టంలో మూలకు పడి ఉంటే అడిగాను. "కాలేజీకి పోతవా దాని మీద?" అన్నాడు నాయన. (నేను అవుననలేదు, కాదనలేదు.) గద్వాలలో మెకానిక్‌ను బతిమాలి సీటు, మడ్‌గార్డులు తీయించి, నెమ్మదిగా బలంగా లాగేటట్టు ముందు చైన్ చక్రం చిన్నది వేయించాను. బయలుదేరుతుంటే ఆయన సీటు పట్టుకొని వెంట ఉరికి వచ్చాడు, "అమ్మా, ఇది మర్చిపోతున్నవ్" అని. గద్వాల నుంచి ఊరిదాకా నిలబడే వచ్చాను. బస్సులోనూ నాకెప్పుడూ అంతే కాబట్టి కొత్తేమీ అనిపించలేదు. దారిలో రెండు ట్రాక్టర్లు నన్ను దాటిపోయాయి.

ఇంటి ముందర మా పెద్దనాయన ఉన్నాడు. నాయనకు అన్న, ఇంట్లో ఆయన మాటే చివరి మాట. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీటేడ పోయింది?"

"తీసేసిన, పెద్దనాయనా."

"మరి ఏడ కూసుంటవు?"

"కూసోను."

"కూసోనిదానికి బండెందుకు? నడిచి పో."

చేను వెనక మేము గుండ్లు అనే బండరాళ్ళ వరుస ఒకటుంది. రెండు నెలలు పొద్దున్నే అక్కడికి పోయి పడ్డాను. నేర్చుకున్నాను అని రాయాలి గానీ, నిజానికి పడ్డాను. ఒకసారి మడమ బెణికి దవాఖానకు తీసుకుపోయేసరికి పెద్దనాయన పంచాయతీ పెట్టాడు. "ఆడపిల్ల గుండ్లు ఎక్కుడేంది? ఊరంత నవ్వుతుండ్రు. ఆ బండి అమ్మేద్దాం." నాయన ఎప్పటిలాగే నేల చూస్తున్నాడు. కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకునే అన్నాను: "నవ్వెటోళ్ళనందర్ని పిలువు. కాలు నొప్పి తక్వైనంక ఒక ఆదివారం గుండ్లన్ని దాటుత. కాలు కింద పెడితే అమ్ము."

"ఎన్నిసార్లు పెడితే?"

ఐదు అనవచ్చు. ఆ ఆటలో ఆరితేరినవాళ్ళు కూడా పెడతారు. "ఒక్కసారి పెట్టినా" అన్నాను.

ఆ ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. పెద్దనాయన ముగ్గుపిండితో మొదలు గీత, చివరి గీత గీసి నా దగ్గరికొచ్చి, "కాలంటే మొత్తం పాదమా, వేలు ఆనినా లెక్కేనా?" అని అడిగాడు. వేలు ఆనినా లెక్కే అన్నాను. మొదటి రెండు గుండ్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మూడోదాని మీద, మనిషి పడుకునేంత చదునులో ఉన్నప్పుడు అవతలి నుంచి గొర్రెల మంద ఆ గుండు మీదికే ఎక్కి అడ్డం వచ్చింది. ముందుకు పోలేను, దిగలేను. బ్రేకు పట్టి, క్లచ్ నొక్కి, రెండు కాళ్ళూ బండి మీదే ఉంచి బొమ్మలా నిలబడిపోయాను. అంతలో ఒక గొంతు వినపడింది. "ఓ గొర్లాయనా, జర మంద అటు మల్పవయ్యా, పిల్ల పరేషానైతుంది." అది పెద్దనాయన గొంతు. ఆఖరి గొర్రె ముందు టైరును తీరిగ్గా వాసన చూసి పోయింది. నేను బండితోనే గుండు దిగాను. ఇక మిగిలింది జానెడు ఎత్తు రాయి. అది రాయే కాదనుకొని జనం వైపు చూసి నవ్వాను. అప్పుడు ఎడమ కాలి బొటనవేలు నేలకు తగిలింది. గీతకు మూరెడు ముందర.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ చూడలేదనుకున్నాను. ఇంజను ఆపాను.

"పెట్టిన" అన్నాను.

"నేను చూసిన" అన్నాడు పెద్దనాయన, నెమ్మదిగా.

"మాటంటే మాటే. అమ్ముకో. నేను ఇంకోటి చేసుకుంట. అది అమ్మితే మల్లొకటి. గుండ్లయితే అమ్మలేవు గద."

అప్పుడు నాయన, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, అన్న ముఖంలోకి చూశాడు. "బండి నాది. నేనియ్య."

పెద్దనాయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఇస్తనన్నా ఎవడు కొంటడురా, సీటు లేని బండిని" అని ఇంటి దారి పట్టాడు.

తర్వాత వనపర్తి దగ్గర గుట్టల్లో జరిగిన ఒక పోటీకి ఆ బండితోనే పోయాను. అసలైన ట్రయల్స్ బండ్ల మధ్య ఎన్నిసార్లు కాలు పెట్టానో లెక్క రాసేవాళ్ళకే విసుగొచ్చింది. నేనందరికంటే వెనకబడ్డాను, అయినా సిగ్గుపడలేదు. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం. తప్పెవరిదని పై అధికారి అడిగినప్పుడు అందరితోపాటు నేనూ ఫైలులోకి తలదించుకుంటాను. అలాంటప్పుడు, ఎవరూ చూడలేదనుకున్న వేలిని తానే చూపించిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. కొంచెం భయం కూడా వేస్తుంది, ఎదురుపడితే నన్ను ఏమంటుందోనని.