మెడ నుంచి మెదడు మీదుగా చెవి దాకా

పొద్దున్నే మంచం మీద కుడిపక్కకి ఒత్తిగిల్లాను, అంతే. ఫ్యాను, గోడ, కిటికీ కలిసి గిర్రున తిరిగాయి. మంచం పట్టె పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కాస్సేపటికి ఆగింది. లేవబోతే మళ్ళీ మొదలైంది.

"ఏటైనాది?" అంది మా ఆవిడ.

"ఇల్లు తిరుగుతంది."

నేను భిలాయి స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాను. షెడ్డు కప్పు కింద వేలాడే క్యాబిన్లో కూర్చుని, కింద మనుషులుండగా కాలే ఇనుమును మోయించే పని. తల తిరిగేవాడు ఆ నిచ్చెన ఎక్కకూడదు. ఆ సంగతి నేనే వెళ్ళి చెప్పాను. నన్ను నేల మీద పనికి మార్చారు. ఇక స్పెషలిస్టుల చుట్టూ ప్రదక్షిణాలు.

మొదట ఊళ్ళోనే, సుపేలాలో ఎముకల డాక్టరు. నా మొహం చూడకుండానే ఎక్స్‌రే చూసి, మెడ అరిగిందన్నాడు. యాభై దాటిన ఎవరి మెడ ఫొటో తీసినా ఆ అరుగుదల కనిపిస్తుందని తరవాత తెలిసింది. పట్టీ కట్టి పంపాడు. పట్టీతో పడుకున్నా ఇల్లు తిరగడం మానలేదు.

తరవాత రాయపూర్‌లో మెదడు డాక్టరు. గొట్టంలోకి తోసి స్కాన్ తీయించాడు. మెదడు శుభ్రంగా ఉందని చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం నిరాశ వినిపించింది. ఏమీ దొరకలేదు కదా, మా ఆవిడ వైపు తిరిగి, "ఘర్ మే కోయీ టెన్షన్ హై క్యా?" అన్నాడు, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అన్నట్టు.

తిరుగు బస్సు కుమ్హారి దాటింది. అప్పుడు మా ఆవిడ నా వైపు తిరిగి, "నానేటి సేసినానని నన్నడిగినాడు?" అంది.

మూడోది కళ్ళు తిరగడానికే ప్రత్యేకంగా తెరిచిన క్లినిక్. గోడ నిండా చెవి బొమ్మలు. నా కళ్ళకి నల్ల అద్దాలు తగిలించి, చుక్కల వెంట చూడమన్నారు. చెవిలోకి వేడిగాలి ఊదారు. తల పక్కకి తిప్పి పడుకోబెట్టే పరీక్ష ఒకటి మిగిలింది. టెక్నీషియను నా పాత కాగితాల్లో మెడ జబ్బు అని చదివి, "రహనే దో" అని అది వదిలేశాడు. పడుకుంటేనే తిరుగుతుందని నేను అంటూనే ఉన్నాను. డాక్టరు రంగురంగుల రిపోర్టు తిరగేసి మాత్రలు రాశాడు. వాటితో తల తిరగడం తగ్గలేదు, పగలంతా తూగడం మాత్రం మొదలైంది.

చివరికి మా ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లో ఒకాయన చెబితే దుర్గ్‌లో ఒక చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా సంచీలోని కాగితాలు ఆవిడ ముట్టుకోలేదు.

"చక్కర్ కబ్ ఆతా హై?"

తల ఎప్పుడు తిరుగుతుందని అన్నాళ్ళలో అడిగిన మొదటి మనిషి ఆవిడే. కుడిపక్కకి తిరిగినప్పుడని చెప్పాను. మెడ తిప్పించి చూసి, పరవాలేదని, బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. గది గిర్రుమంది. ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది. నల్లగుడ్డు కొట్టుకుంటోందని మా ఆవిడని పిలిచి చూపించింది.

చెవి లోపల ఇసుక రవ్వల్లాంటివి ఉంటాయట. అవి చోటు తప్పి, ఉండకూడని గొట్టంలోకి జారాయట. తలని మెల్లగా ఎడమకి తిప్పింది, పక్కకి పొర్లించింది, కూర్చోబెట్టింది. కాస్సేపాగి మళ్ళీ పడుకోబెట్టింది. గది కదల్లేదు.

సంతోషపడాల్సింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇంతేనా మేడమ్? మరి వాళ్ళెవరూ ఎందుకు చెయ్యలేదు?" అని హిందీలో అడిగాను.

"అది వాళ్ళనే అడగండి" అంది, చేతులు తుడుచుకుంటూ. "మళ్ళీ వస్తే రండి. రావచ్చు కూడా."

వాళ్ళని అడగడానికి నేను వెళ్ళలేదు. వెళ్తే ఇంకో పరీక్ష రాసిస్తారు. ప్లాంటు మెడికల్ పాసై మళ్ళీ క్రేనెక్కాను. ఆవిడ అన్నట్టే ఒకసారి తిరగబెట్టింది, ఆవిడే సరిచేసింది. ఈమధ్య సుపేలా ఎముకల డాక్టరు కొత్త భవనం కట్టుకున్నాడని మా రుఆబాంధా సెక్టార్లో గొప్పగా చెప్పుకుంటున్నారు. కట్టుకోడూ మరి. మెడ లేని మనిషి భిలాయిలో ఎవడున్నాడు.