చల్లగానే ఉంది

ఆయన ఎవరింటికెళ్ళినా ముందు కుర్చీ చూడడు, గోడ చూస్తాడు. ఫ్రిజ్ ప్లగ్గు, గీజర్ స్విచ్చు, ఒక్కొక్కదానికీ కుడిచేతి వెనకవైపు ఆనించి, క్షణంసేపు కళ్ళు మూసుకుని, "చల్లగానే ఉంది" అంటాడు. అప్పుడుగానీ మంచినీళ్ళు ముట్టడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వైరింగు పని చేస్తున్న మనిషి. వీధిలో అందరికీ చెయ్యి మేస్త్రి. వేడి చూపించే మీటర్లు ఇన్ని వచ్చాక ఇంకా చెయ్యేమిటని అడిగితే, "మీటరుకి బ్యాటరీ అయిపోతుంది, నా చేతికి అవదు" అంటాడు. గర్వమే అనుకోండి. పనిమంతుడికి ఆ మాత్రం ఉండొచ్చు. కాకపోతే ఒక్కచోట కూర్చోలేడు. బలవంతాన కూర్చోబెడితే కాలుగాలిన పిల్లే.

ఆయన చెల్లెలు మేడమీద గదిలో నారు పెంచుతుంది. కిటికీలు మూసిన గదిలో ఇనుప అరలు, అరల నిండా టమాటా, మిరప మొలకల ట్రేలు, పైన ఎండకు బదులు పెద్ద దీపాలు. రోజుకు పద్నాలుగు గంటలు వెలగాలవి. వెలిగించడం, ఆర్పడం గోడకున్న టైమరు పని. దాన్ని బిగించింది అన్నయ్యే. అప్పట్లో దీపాలు రెండే. మొన్న ఆమె ఇంకో రెండు పెట్టించింది. నాలుగూ ఆరేసి వందల వాట్లవి.

"టైమరు మీద పదహారు ఆంపియర్లని రాసుంది. మనకి పదకొండు కూడా దాటదు" అని ఆయనే భరోసా ఇచ్చాడు. ఆ అంకె కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆ పదహారు హీటర్లకేనట, ఇలాంటి దీపాలకైతే అందులో పావు వంతేనట. ఆయన చదవలేదు. చెయ్యి ఉండగా చదవడం దేనికి?

ఒకరోజు పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, గదిలో కమురు వాసన వస్తోంది."

వచ్చాడు. టైమరుకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"చల్లగానే ఉంది. నీ ట్రేలలో కొబ్బరిపొట్టు వాసనేమో."

"కొబ్బరిపొట్టు వాసన నాకు తెలీదా?"

"నా చెయ్యి నీకు తెలీదా?"

ఆమె పక్క గదిలో మంచం దిగలేని అత్తగారికి మందులిచ్చి, ట్రేలు ఆటోలో పెట్టుకుని నర్సరీకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాడే గానీ ఆయనకు మనసు మనసులో లేదు. తలుపు స్క్రూ బిగించాడు, మళ్ళీ వదులు చేశాడు. భార్య టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమండీ, అదెలా పట్టుకున్నారు? ఇప్పుడే దించాను. నేనే గుడ్డతో తెచ్చాను" అంది ఆవిడ.

గ్లాసు దింపి చూసుకున్నాడు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. కుడిచేతి వెనకవైపు గ్లాసుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చల్లగానే ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని షుగర్ డాక్టరు ఆర్నెల్ల క్రితమే అడిగాడు. అబ్బే, లేదన్నాడు. చెయ్యి పోయిందని ఒప్పుకుంటే తనకి ఇంకేం మిగులుతుంది?

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. నాలుగు వీధులు నలభై వీధుల్లా అనిపించాయి. మెట్ల మీదికే వాసన కొడుతోంది. ముందు మెయిన్ దించేశాడు. టార్చి వేసి చూస్తే టైమరు గోధుమరంగుకి తిరిగి, దాని కింద సాకెట్టు మూతి కరిగి జారిపోయి ఉంది. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం వేసింది.

"కరెంటు పోయిందా బాబూ?" అని పక్క గదిలోంచి పెద్దావిడ అడిగింది.

"నేనే తీశాను పిన్నిగారూ" అని ఆవిడ మంచం పక్కన నేలమీద చతికిలబడ్డాడు. చెల్లెలు వచ్చేదాకా లేవలేదు.

మధ్యాహ్నం కొత్త సాకెట్టు, కొత్త టైమరు, పక్కన కాంటాక్టరనే పెద్ద స్విచ్చు బిగించాడు. ఇక దీపాల భారం మోసేది కాంటాక్టరు. ఎప్పుడు వెలగాలో దానికి చెప్పడమే టైమరు పని. గంటసేపు వెలిగించాక అలవాటుగా చెయ్యెత్తాడు, మళ్ళీ దించేశాడు.

"నువ్వు చూసి చెప్పు."

చెల్లెలు ఆయన లాగే చేతి వెనకవైపు ఆనించింది. "చల్లగానే ఉందన్నయ్యా."

"అయితే పద, చెప్పులేసుకో."

"ఎక్కడికి?"

"ఈ ఆర్నెల్లలో నేను చల్లగా ఉందని చెప్పిన ఇళ్ళన్నిటికీ."

మొదటి గుమ్మం కుట్టుపని చేసే ఆవిడది. చూడగానే ఆవిడ నవ్వుతూ దారి ఇచ్చింది. "రండి మేస్త్రి గారూ, ఇస్త్రీపెట్టె ప్లగ్గు మీద ఓసారి చెయ్యేసి పోండి."

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నా చేతికి తెలియడం లేదమ్మా. మా చెల్లెలు చూస్తుంది."