మరునాడు వచ్చిన మాట

ప్రభుత్వ బడులను ఎలా బాగు చేయాలో అభిప్రాయాలు చెప్పమంటూ మళ్ళీ ఒక కాగితం వచ్చింది. స్టాఫ్‌రూంలో చేతులు మారుతోంది. ఇదివరకైతే ఇలాంటి కాగితం కంటపడితే నా నోరు ఆగేది కాదు. ఇప్పుడు దాన్ని పక్కవాళ్ళకు అందించి, గూడెం పిల్లల బస్సు వచ్చే వేళకు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడతాను. అందులోంచి ఎవరు దిగుతారో నాకు తెలుసు, ఎవరు దిగరో కూడా తెలుసు.

ఆ గూడెంలో ఐదేళ్ళు బడి నడిపాను. అదేదో గొప్పకు చెప్పడం లేదు, ఉన్నదే నేనొక్కదాన్ని. ఏన్కూరులో కిరాయికి ఉంటూ పొద్దున్నే స్కూటీ మీద అడవి దారి పట్టేదాన్ని. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు. ఉన్న ఒక్క బోర్డునే సుద్దగీతలతో ఐదు ముక్కలు చేసేదాన్ని. ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి వాళ్ళు నా కొంగు పట్టుకుని లాగేవారు. రెండో తరగతికి కథ చెబుదామని కూర్చుంటే భోజనాల ఫొటో పెట్టమని ఫోన్లో మెసేజీ వచ్చేది. సాయంత్రానికి గొంతు పోయేది, ఏ తరగతికీ సరిగా చెప్పలేదన్న కోపం మిగిలేది. ఆ కోపం ఫోన్లో మా అమ్మ మీద తీర్చుకునేదాన్ని. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు, నీకు ఏ ఊరు కుదురుతదో ఏందో" అని నేలకొండపల్లి నుంచి ఆమె నవ్వేది.

ఆ బడిలో నాకు తోడు మధ్యాహ్నం వంట చేసే పెద్దమ్మ. గూడెం మనిషే. ఎసట్లో బియ్యం పోసి వరండాలోకి వచ్చి చిన్నపిల్లల మధ్య కూర్చునేది. వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష వేరు, నాకు అందులో పది మాటలు కూడా రావు. నేను తెలుగులో ఏదైనా చెబితే ఒకటో తరగతి పిల్లలు నా ముఖం కేసి చూసేవారు. పెద్దమ్మ తమ మాటలో చెబితే అప్పుడు కదిలేవారు. ఆమె మనవరాలు కూడా ఒకటో తరగతే. ఆ పిల్ల నెలల తరబడి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఒకరోజు దానంతటదే వచ్చి, నాకు ఆనుకుని కూర్చుని, పలక మీద గీసిన బొమ్మ చూపించి "కోడి, టీచర్" అంది. ఆ సాయంత్రం ఏన్కూరు దాకా పాడుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాకు మంచి గది ఉంది, నా ఒక్క తరగతి నాకుంది. అయినా ఆ వరండా కావాలనిపిస్తుంది, ఆ పిల్ల బరువు నా భుజం మీద మళ్ళీ ఆనాలనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, ఆ బడిని పెద్దబడిలో కలపాలని గట్టిగా వాదించింది నేనే.

మండలంలో టీచర్లందరినీ పిలిచి సమావేశం పెట్టారు. చిన్న బడులను కలిపేసి పెద్ద బడి ఒకటి చేయాలని, తరగతికి ఒక టీచరు ఉండాలని, పిల్లలకు బస్సు వేయాలని ప్రతిపాదన. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఒక హెడ్మాస్టర్ సారు లేచి కాదన్నారు. "బడి పిల్లల దగ్గరికి పోవాలె గని, పిల్లలు బడి ఎనక ఉరకాల్నా? వాగు పొంగిన నాడు బస్సు ఎట్ల పోతది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సార్, మీ బడిల తరగతికో టీచరున్నరు కాబట్టి గట్ల మాట్లాడుతున్నరు. ఒక్కరే ఐదు తరగతులు చెప్పి చూడుండ్రి. గూడెం పిల్లలకు మాత్రం తరగతికో టీచరు వద్దా? ఎన్నేండ్లు నా ఒక్కదాని కొంగు పట్టుకోని ఉండాలె వాళ్ళు?"

చప్పట్లు మోగాయి. సారు నొచ్చుకోలేదు. "నువ్వన్నది అబద్ధం కాదు బిడ్డా. మరి గూడెపోళ్ళను అడిగినవా?" అన్నారు. "అడగనీకె అధికారులు వస్తరు సార్" అని కూర్చున్నాను. నేనన్న దాంట్లో ఇప్పటికీ నాకు తప్పు కనబడదు.

అన్నట్టే అధికారి వచ్చారు. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుజామునే అడవికి వెళ్ళి పువ్వు ఏరుకొచ్చిన వాళ్ళు బడి ముందు కూర్చున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఓపికగా, వాళ్ళకు అర్థమయ్యేటట్టు అంతా చెప్పారు. చివర "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళు వచ్చి పెద్ద విషయం అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పరు. విని వెళ్ళి, ఆడా మగా కలిసి కూర్చుని, మరునాడు పొద్దున ఒక మాటగా తెచ్చి చెబుతారు. అడిగిన మనిషి ముఖం మీదే సరే అన్నా, వద్దన్నా వాళ్ళ దృష్టిలో అది మర్యాద కాదు. నేను వెళ్ళిన మొదటి ఏడు, పువ్వు రోజుల్లో బడి అరగంట ఆలస్యంగా మొదలుపెడదామా అని అడిగితే ఇలాగే మౌనంగా లేచిపోయారు. నేను ముఖం ముడుచుకున్నాను. మరునాడు వచ్చి, అరగంట చాలదు, గంట కావాలి, సాయంత్రం ఆ గంట పిల్లల్ని ఎక్కువసేపు ఉంచుకొమ్మన్నారు. అప్పటి నుంచి నేనూ వాళ్ళ జవాబుకు ఒక రోజు ఆగడం నేర్చుకున్నాను.

"ఎవరికీ అభ్యంతరం లేనట్టే కదా మేడం?" అని అధికారి నన్ను అడిగారు. పెద్దమ్మ నా వైపు చూసింది. రేపు చెబుతారు సార్, ఒక్కరోజు ఆగండి అంటే సరిపోయేది.

"లేనట్టే సార్" అన్నాను.

అలసిపోయి అలా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. రేపు వాళ్ళు వద్దంటారేమోనని, చప్పట్లు కొట్టించుకున్న నా వాదన ఓడిపోతుందేమోనని భయపడ్డాను.

మరునాడు పొద్దున అందరూ వచ్చారు. అందరి తరఫునా పెద్దమ్మే చెప్పింది. "మూడు, నాలుగు, ఐదు తరగతులోళ్ళు బస్సెక్కి పోతరు. పెద్ద సదువు గావాలె, మంచిదే. ఒకటి, రెండు మాత్రం ఈడనే నీ తాన ఉండనియ్యి టీచరమ్మా. రెండేండ్లు నీ తాన తెలుగు అలవాటైతే ఆనెంక యాడికైనా పోతరు."

బడి పోతే తన వంట పని పోతుందన్న మాట ఆమె ఎత్తనే లేదు. మండలం టీచర్లమంతా ఒక పూట అరుచుకుని కూడా ఈ ఆలోచన చేయలేకపోయాం. ఆమె ఎదుటే అధికారికి ఫోన్ చేశాను. "నిన్న మీరే కదా మేడం లేనట్టే అన్నారు? కాగితం పైకి పంపించేశాను" అన్నారాయన. గొంతులో కోపం కూడా లేదు.

బడులు తెరిచాక నేనూ పెద్దబడికి వచ్చాను. బస్సులో వచ్చే మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు బాగా చదువుతున్నారు. ఒక పిల్లాడు ఇంగ్లీషు పాఠం ఎక్కడా తడబడకుండా చదివితే నా కళ్ళు నిండాయి. చిన్నవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే మానేశారు. పెద్దమ్మ మనవరాలు వారం రోజులు వచ్చింది. బయటికి వెళ్ళాలని కొత్త టీచరును ఏ మాటలో అడగాలో తెలియక తరగతిలోనే బట్టలు తడుపుకుంది. పిల్లలు నవ్వారట. మర్నాటి నుంచి బస్సెక్కలేదు. నేను అవతలి భవనంలో నాలుగో తరగతికి పాఠం చెప్పుకుంటున్నాను. సంగతి తెలిసేసరికి నెల దాటింది.

మొన్న ఏన్కూరు సంతలో పెద్దమ్మ కనబడింది. మనవరాలు ఆమె చీర చాటున నిలబడింది. పిలిస్తే నా వైపు చూసింది గాని రాలేదు. నేను ధరల గురించి మాట్లాడాను. పెద్దమ్మ కాసేపు విని, నెమ్మదిగా అడిగింది.

"మేం తెల్లారి చెప్తమని నీకు ఎరికే గద, టీచరమ్మా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆమె ముఖం చూస్తూ నావల్ల కాలేదు. "ఎరికే పెద్దమ్మా" అన్నాను.

ఆమె తల వంచుకుని సంచీ సర్దుకుంది. మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"గట్లనా. టీచరమ్మకు ఎరికుండదు, ఆమెను అనకుండ్రి అని గిన్ని దినాలు గూడెమంత చెప్పుకుంటొచ్చిన."